గార్త్ జాగు

సూది రికార్డు మీద వాలి గరగరమని రెండు చుట్లు తిరిగిందో లేదో, డగీ మూతి తిప్పేశాడు. పాట ఇంకా మొదలే కాలేదు. మూతి తిప్పడానికే వచ్చాడు మహానుభావుడు. నార్త్ గేట్ బ్యాండు ఏ ఊళ్ళో ఏ ఏడు వాయించిందో ఆ బిళ్ళలన్నీ జాకెట్టు నిండా కుట్టించుకుని, మగపెళ్ళివారి పెద్దలా ముందు వరస కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు, ఏం వడ్డించినా ఉప్పెక్కువైందనడానికి సిద్ధంగా. ఇవోన్ మాత్రం వెనక వరసలో, ఎవరూ కొనని పోల్కా డాన్సు పాటల రికార్డుల పెట్టె పక్కన, బోర్లించిన పాల క్రేటు మీద కూర్చుని ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుంది. తన మొహం ఇక్కడ ఎవరికీ తెలియదు, కొట్టు యజమాని నుంజియోకి తప్ప. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ బ్యాండులో డ్రమ్స్ వాయించినవాడి భార్య అయి ఉండి కూడా ఎవరికీ తెలియకపోవడం ఒక్కోసారి చిన్నతనంగా అనిపించేది గానీ, ఇవాళ దేవుడి దయ అనిపించింది. కొట్టు చిన్నది, జనం ఎక్కువ, గోడవారన ఆవిరి హీటరు బుసలు కొడుతోంది, తడిసిన కోట్ల వాసన, డోనట్ల వాసన. ఉక్క భరించలేక నుంజియో వీధి తలుపు బార్లా తెరిచి, అది మూసుకుపోకుండా రికార్డుల పెట్టె ఒకటి అడ్డం పెట్టాడు. ఆ తలుపుకెదురుగానే, బార్టన్ వీధిలో, ఇంజన్ ఆపకుండా హీటరు వేసుకుని పికప్ ట్రక్కులో కూర్చున్నాడు తన భర్త గార్త్. నవంబరు కదా, చలికి చెయ్యి ఇంకా ఎక్కువ వణుకుతుంది. అద్దం దించకు అని చెప్పి వచ్చింది. వింటాడా, మొండిఘటం.

"నువ్వెళ్ళి విను," అన్నాడు పొద్దున, టోస్టుకి వెన్న రాయడం చేతకాక కత్తి పక్కన పెట్టేసి. "మూడోదాంట్లో కొడతారో లేదో చూడు. అంతే. ఇంకేం చెప్పక్కర్లేదు నాకు." నువ్వే రావచ్చుగా అంది తను. "నేనొస్తే నా మొహం చూసి కొడతారు," అన్నాడు. విడుదలకి ముందు శనివారం నుంజియో కొట్లో కొత్త రికార్డు వేయడం, హామిల్టన్ ఊళ్ళోని అభిమానులంతా చేరి వినడం మొదటి ఆల్బమ్ నుంచీ ఉన్నదే, అప్పుడు నుంజియో తండ్రి ఉండేవాడు. కొట్టడం కూడా అప్పటిదే. గార్త్ ఎడమచెయ్యి ఎప్పుడూ ఒక్క పిసరు ఆలస్యంగా పడేది. పాట ఎత్తుకునే ముందు కర్ర గాలిలో ఆగిపోయేది, అందరి ఊపిరీ దానితోపాటు ఆగేది, ఇక పడదేమో అనుకునేసరికి పడేది. చిన్నప్పుడు వాళ్ళ ఇంటి వెనక గట్టు మీద కూర్చుంటే అఖాతం అవతల ఉక్కు ఫ్యాక్టరీలో పెద్ద సుత్తి దిగడం ముందు కనిపించి, చప్పుడు నీళ్ళమీద నడుచుకుంటూ తర్వాత వచ్చేదట. "ముందు కంటికి, తర్వాత చెవికి. అదే నా చదువు," అనేవాడు. అభిమానులు దానికి గార్త్ జాగు అని పేరు పెట్టుకున్నారు. ఆ జాగు వచ్చినచోట దగ్గర ఏ చెక్క ఉంటే దానిమీద, బల్లో, కుర్చీనో, బారు గట్టో, పిడికిలి కణుపులతో ఒక్కటి కొట్టాలి. హాలు మొత్తం ఒక్కసారి టక్కుమనేది. డగీ వాళ్ళ నాన్న పోయినప్పుడు శవపేటిక మూత మీద కూడా కొట్టారట ఈ వెర్రిబాబులు, పాస్టరు గుడ్లప్పగించి చూస్తుండగా. ఆ సంగతి విని గార్త్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నా చేత్తో ఒకణ్ణి సాగనంపారే," అన్నాడు. అంత నమ్మాడు వీళ్ళని.

మొదటి పాట అయిపోయింది, ఎప్పుడయిందో కూడా తెలియలేదు. బ్యాండులో పాడే లార్న్ గొంతు అలాగే ఉంది, ఈ వయసులో కూడా గొంతు నిలుపుకున్నాడు అదృష్టవంతుడు, గొంతు వణికితే భావం అంటారు, చెయ్యి వణికితే జబ్బంటారు. వెనక డ్రమ్స్ మాత్రం గార్త్‌వి కావు. లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చిన కోల్బీ అనే కుర్ర నిర్మాత కంప్యూటరులోంచి పుట్టించినవి. ఎంత శుభ్రంగా ఉన్నాయో, ఆసుపత్రి గచ్చులా.

"కడిగి ఇస్త్రీ చేసినట్టుందిరా," అన్నాడు డగీ.

"పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోబెట్టి వేస్తారు చూడు, అలా ఉంది," ఇంకెవరో అందుకున్నారు. నవ్వులు.

"థండర్ బేలో కూడా ఇవాళే వింటున్నారు," టామ్సిన్ అనే నీలం జుట్టు అమ్మాయి ఫోనులోంచి చదివింది. "'గార్త్‌ని తీసి పారేశారు, ఇది పక్కా యంత్రం' అంటున్నారు."

"అట్టమీద పేరు వేశారుగా."

"పేరు నా కుక్కది కూడా వేయొచ్చు. చెవులు లేవా మీకు?"

చెవులున్నాయి. ఇవోన్ కాదనదు. యంత్రాన్ని యంత్రం అనే అంటున్నారు, ఏం తప్పుంది. అసలు జబ్బు సంగతి చెంచా దగ్గరే కనిపెట్టాల్సింది తను. రెండేళ్ళ కిందట, కాఫీ కప్పులో చెంచా గిలగిల కొట్టుకుంటే ఏం తాళం వేస్తున్నావని నవ్వింది. తాళం కాదు అన్నాడు, కప్పులోకి చూస్తూ. తర్వాత డాక్టరు పేరు చెప్పాడు, పార్కిన్సన్స్, పెద్దింటి పేరులా ఉంది కదూ అన్నాడు గార్త్ లిఫ్టులో, నవ్వడానికి చూశాడు. విచిత్రం ఏమిటంటే చెయ్యి కదులుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఆగినప్పుడే వణుకుతుంది. ఒళ్ళో పెట్టుకున్నప్పుడు, గాలిలో నిలబెట్టి కాచుకున్నప్పుడు. ఏ ఆగడం మీద ఆ మనిషి బతికాడో, సరిగ్గా అక్కడే వచ్చి కూర్చుంది పాపిష్టి జబ్బు. తను సూపర్ మార్కెట్ బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది, 'హ్యాపీ బర్త్‌డే మెకెంజీ' అని గులాబీ క్రీముతో, చెయ్యి బెసక్కుండా. ఒకరోజు గార్త్ అక్కడికి వచ్చి, గాజు అవతల నిలబడి, తన మణికట్టుకేసి ఎంతసేపు చూశాడో. ఆ చూపులో అసూయ ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన భర్త తన మీద అసూయపడటం అదొక్కసారే, ఆ రోజు ఆ కేకు మీద పేరు తప్పు రాసింది.

మూడో పాట.

ఇవోన్ క్రేటు మీద ముందుకి జరిగింది. ఇదే. తొమ్మిది పాటల్లో గార్త్ తన చేత్తో వాయించింది ఇదొక్కటే. లార్న్ వద్దన్నాడు, కోల్బీ అయితే పెద్దాయనకి ఎందుకు శ్రమ అన్నాడు, పెద్దాయనట. శీతాకాలం అంతా ఇంటి నేలమాళిగలో, చెవిలో టిక్కుటిక్కుమని కొట్టే మిషను పెట్టుకుని సాధన చేశాడు, ఎందుకంటే ఆ టిక్కుని పట్టుకుంటే చెయ్యి దారి తప్పదు, ఆసుపత్రిలో నడక నేర్పే అమ్మాయి చెప్పింది అలా, అడుగు కూడా ఆ టిక్కు మీదే వేయమంది. జీవితమంతా ఆ మిషనుని తిట్టినవాడు, అది పెట్టుకుని వాయించేవాళ్ళని గుమాస్తాలు అన్నవాడు, చివరికి గుడ్డివాడు కర్ర పట్టుకున్నట్టు దాన్నే పట్టుకున్నాడు. పైన వంటింట్లో తను గిన్నెలు కడుగుతుంటే కాళ్ళకింద నేల అదిరేది, టక్ టక్ టక్ టక్, ఎక్కడా జాగు లేదు, ఆగితే వణుకు పట్టుకుంటుంది కనుక ఆగడు, వెంటపడుతున్న కుక్కని చూసి పరిగెత్తే మనిషిలా తిన్నగా, నిటారుగా. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయి మెట్లెక్కి వచ్చేవాడు. పడిపోకుండా వెనక ఆనుకునే కుర్చీలో కూర్చునేవాడు, ఇదివరకటి గుండ్రటి స్టూలు కాదు. ఒక్కచోట, ఒకే ఒక్కచోట, చివరి చరణానికి ముందు, "అక్కడ మాత్రం ఆగుతాను," అన్నాడు. స్టూడియోలో ఎన్నిసార్లు ఆగబోయాడో, ఎన్నిసార్లు కర్ర అంచుకి తగిలి కటకటలాడిందో, కోల్బీ అద్దం వెనక ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. చీకటిపడే వేళకి ఒక్కసారి, ఒక్కసారి కుదిరింది. ఆవగింజంత జాగు. పాత జాగులో పాతిక వంతు కూడా ఉండదు. కర్ర ఆగింది, చెయ్యి వణికేలోపు పడింది. బయటికి వచ్చి ఇవోన్ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు, మగాడు, అరవై రెండేళ్ళవాడు, స్టూడియో కుర్రాడు టీ కప్పులు ఎత్తుతూ చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడు.

"ఓరి నాయనో, ఇది మరీ దారుణం," డగీ గొంతు లేచింది. "ఇందాకటి వాటిలో కొంచెమైనా ఊపుంది. ఇది చూడండి, అచ్చం గడియారం. నేను తోలే బస్సు వైపర్లు నయం."

"ష్, విననీ."

"ఏముంది వినడానికి? మనిషన్నవాడు వాయించలేదు దీన్ని. నా నెత్తిమీద చెయ్యేసి ప్రమాణం చేస్తా."

రెండో చరణం అయిపోతోంది. ఇవోన్ ఊపిరి బిగపట్టింది. కొట్టండి. డగీ, నీకు పుణ్యం ఉంటుంది, నోరు మూసుకుని విను, ఒక్క క్షణం, నువ్వు ముప్ఫై ఏళ్ళు విన్న చెయ్యే అది, ముసలిదైంది, భయపడుతోంది, అయినా ఆగబోతోంది చూడు నీకోసం. నీలం జుట్టు పిల్లా, నువ్వయినా. వచ్చేసింది. ఆగింది. ఆవగింజంత. పడింది. ఎవరి వేలూ కదల్లేదు. డగీ డోనట్టు కొరికాడు. ఇవోన్ చెయ్యి తనంతట తనే లేచి పోల్కా రికార్డుల చెక్క పెట్టె మీద టక్కుమని కొట్టింది, కణుపుల తోలు లేచేటట్టు.

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి.

"ఏం తల్లీ," అన్నాడు డగీ, "పోల్కా అనుకున్నావా?"

కొట్టు కొట్టంతా గొల్లుమంది. టామ్సిన్ కూడా నవ్వింది, తర్వాత కొంచెం జాలిపడి, "ఇందులో రాదండీ, అది పాత పాటల్లో," అని విడమరిచి చెప్పింది, చిన్నపిల్లకి చెప్పినట్టు. చెవిటివాళ్ళ ముందు శంఖం ఊదాడమ్మా నా మొగుడు. లేచి నిలబడి చెప్పేయాలనిపించింది, నోటిదాకా వచ్చింది, ఒరే దిక్కుమాలిన మొహాల్లారా, ఆ గడియారం మనిషిరా, వీధిలో ట్రక్కులో కూర్చున్నాడు, వెళ్ళి చూడండి, చొక్కా గుండీలు నేను పెట్టాను పొద్దున. చెబితే ఏమవుతుంది, మరుక్షణం ఏడుస్తారు. డగీ అందరికంటే ముందు ఏడుస్తాడు. వెనక్కి తిప్పి మళ్ళీ వేయమంటారు, మళ్ళీ విని అబ్బ ఎంత గొప్పగా ఉంది అంటారు, థండర్ బేకి కబురు పంపుతారు, సాయంత్రానికి దేశమంతా గుండె పట్టుకుంటుంది. సరిగ్గా అదే వద్దన్నాడు గార్త్. "జాలితో వినకూడదు. చెవితో వినాలి. చెవితో విని కొడితే కొట్టారు, లేకపోతే లేదు." పెద్ద రాజుగారి పౌరుషం. ఎవరికి కావాలి నీ పౌరుషం. నోటికి తాళం వేసి పంపించాడు నన్ను ఈ తోడేళ్ళ మధ్యకి. కణుపు మీద రక్తం చిన్న పూసలా నిలిచింది, ఇవోన్ దాన్ని నోట్లో పెట్టుకుంది.

నాలుగోది అయ్యాక నుంజియో రికార్డు తిరగేశాడు. అయిదోది, ఆరోది, ఏదో ఒకటి, గిటార్లు వచ్చి పోతున్నాయి, మనసు వినడం మానేసింది. వీళ్ళని ఎంతగా ప్రేమించింది తను ఒకప్పుడు. మంచు తుఫానులో రోడ్లు మూసేసిన రోజున కూడా నడుచుకుంటూ వచ్చారు ఆ పాత సినిమా హాలుకి, వాయించేవాళ్ళకంటే వినేవాళ్ళు కొంచెమే ఎక్కువ, ఆ కొంచెం మందీ ఖాళీ కుర్చీల చెక్కల మీద కూడా కొట్టారు చప్పుడు పెద్దది చేయడానికి, రెండు చేతులతో, అటొకటి ఇటొకటి. ఆ రోజు తెర పక్కన నిలబడి తను అనుకుంది, వీళ్ళున్నంతవరకు ఈయనకి భయం లేదని. అభిమానం అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. ఒకనాటి మనిషిని పట్టుకుని ఇక కదలొద్దంటారు. ముసలివాడవొద్దు, జబ్బు పడొద్దు, మారొద్దు. వాళ్ళ జుట్టు ఊడింది, వాళ్ళ మోకాళ్ళు అరిగాయి, డగీ బస్సు ఎక్కడానికి కడ్డీ పట్టుకుని ఆయాసపడతాడు, కానీ గార్త్ ఎడమచెయ్యి మాత్రం పాతికేళ్ళదే ఉండాలి. తొమ్మిదో పాట మొదలైంది. నెమ్మదిపాట. లార్న్ ఒక్కడే పాడుతున్నాడు, డ్రమ్స్ లేవు, ఇంకా లేవు, కొట్టు మొత్తం సద్దుమణిగింది, ఎవరో కాఫీ కప్పు మూత పెడుతున్న చప్పుడు కూడా వినిపించింది. అప్పుడు పాట అడుగున ఎక్కడో స్టూలు కిర్రుమంది.

ఇవోన్ తలెత్తింది. ఆ కిర్రు తనకి తెలుసు. గార్త్ చెయ్యి ఎత్తి వెనక్కి వాలినప్పుడల్లా పాత స్టూలు అలా మూలిగేది, నూనె పోసినా పోలేదు, రెండో ఆల్బమ్‌లో ఒక పాటలో ఆ కిర్రు కూడా రికార్డయిపోయింది, అభిమానులకి అది తీర్థప్రసాదం. కిర్రు, తర్వాత జాగు. పొడుగాటి, ధీమా అయిన, యవ్వనపు జాగు. ఊపిరి బిగపట్టిన కొట్టు. పడింది.

టక్!

ఒక్క వేలు మిగల్లేదు. కుర్చీలు, అరలు, గల్లాపెట్టె బల్ల, డగీ అయితే రెండు పిడికిళ్ళతో కొట్టాడు. "విన్నారా! ఆ కిర్రు విన్నారా! అదే స్టూలు, అదే మనిషి! ఆఖరి పాటకి వాణ్ణి లోపలికి రానిచ్చారు పాపం!" డగీ కళ్ళు తడిసిపోయాయి. టామ్సిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వచ్చాడు, గార్త్ వచ్చాడు," అని ఫోనులో ఎవరికో చెబుతోంది. గల్లాపెట్టె వెనకనుంచి నుంజియో ఇవోన్‌కేసి చూసి, కళ్ళతోనే నవ్వి, తన బల్ల మీద ఇంకోసారి మెల్లిగా కొట్టాడు, నీకోసం అన్నట్టు. మంచివాడు. వీళ్ళంతా మంచివాళ్ళే, అదే కదా ఖర్మ. ఆ స్టూలు లేదు నుంజియో. అయిదేళ్ళ కిందట పోర్ట్ డోవర్‌లో, సరస్సు ఒడ్డున చలిమంటలో వేసి కాల్చేశాం దాన్ని, కాలు విరిగిందని, దాని మంటమీద సాసేజీలు కాల్చుకుని తిన్నాం. పాత టేపులోంచి ఆ ముక్క కోసుకొచ్చి ఇక్కడ అతికించారు కోల్బీ, లార్న్ కలిసి. మాట మాత్రం చెప్పలేదు. లార్న్ దీన్ని మర్యాద అనుకుని ఉంటాడు, గార్త్‌కి గౌరవం అనుకుని ఉంటాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నా వాడు చావలేదురా. జాగు మళ్ళీ వచ్చింది, అదే ముక్క, అదే కిర్రు, తిప్పి తిప్పి అతికించారు, ప్రతిసారీ కొట్టు దద్దరిల్లింది. ఇవోన్ రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చుంది.

సూది లేవకముందే లేచి బయటికి వచ్చేసింది. చలిగాలి మొహాన కొట్టింది. ట్రక్కు అద్దం దించే ఉంది, తను అనుకున్నట్టే. స్టీరింగు వెనక ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది. ఇప్పుడు తనే నడుపుతుంది ఎటు వెళ్ళినా. గార్త్ ఎడమచెయ్యి ఒళ్ళో కుడిచేతి కింద బందీగా ఉంది. అబద్ధం తయారుగా పెట్టుకుంది తను, కొట్టారు, మూడోదానికి అందరూ కొట్టారు, కొట్టంతా అదిరేలా. నోరు తెరిచింది.

"చెప్పకు," అన్నాడు గార్త్. "తలుపు తీసి ఉంది. మాటలు కలగాపులగమయ్యాయి గానీ పాటలన్నీ విన్నాను."

ఇవోన్ స్టీరింగు పక్కన వేలాడుతున్న తాళంచెవుల గుత్తిని వేళ్ళతో నలిపింది.

"ఆఖరిది నాది కాదు. పాత టేపు. మన స్టూలు పోర్ట్ డోవర్‌లో బూడిదైంది కదా, దయ్యమై వచ్చిందా." నవ్వాడు, లోపలెక్కడో చెక్క పగిలినట్టు. "పోనీలే. వాళ్ళకి కావలసింది వాళ్ళకి దొరికింది." తర్వాత మొహం తిప్పాడు ఇటు, ఆ మొహంలో వెలుగు చూసి ఇవోన్‌కి భయమేసింది. "కానీ మూడోదానికి ఒకళ్ళు కొట్టారు ఇవోన్. ఒక్కటే. టక్కుమని. సరిగ్గా అక్కడే, నేను ఆగినచోటే. అంత చిన్నది పట్టుకున్నాడంటే వాడికున్నది మామూలు చెవి కాదు. కొట్టగానే అందరూ నవ్వారు, అది కూడా విన్నాను. నవ్వుతారని తెలిసీ కొట్టాడు చూడు. ఎవరు వాడు?"

హీటరు గాలి బర్రుమంటోంది. తన కణుపు మీది రక్తం చూడకుండా ఇవోన్ చేతికి తొడుగు వేసుకుంది, మెల్లిగా, ఒక్కో వేలూ.

"డగీనా?"

"ఆఁ," అంది. "డగీయే."

"నాకు తెలుసు," అన్నాడు గార్త్. "మొదటి షో నుంచీ ఉన్నాడు వాడు."

కొట్లోంచి జనం వీధిలోకి పడుతున్నారు. అందరికంటే ముందు డగీ, జాకెట్టు గుండీలు పెట్టుకోకుండా, ఎర్రబడ్డ కళ్ళతో, ఎవరితోనో గట్టిగా వాదిస్తూ, "ఆ మూడోది ఉంది చూడు, దాన్ని..." అని ఎత్తుకున్నాడు. ఇవోన్ చటుక్కున మీట నొక్కింది. గార్త్ వైపు అద్దం పైకి లేచి, మిగతా మాట అవతలే తెగిపోయింది. డగీ వాళ్ళ ట్రక్కు ముందునుంచే రోడ్డు దాటాడు, లోపలున్నదెవరో చూడలేదు, ఉషారులో బానెట్టు మీద ఒక్కటి కొట్టి పోయాడు. గార్త్ అతన్ని వీధి మలుపుదాకా కళ్ళతో సాగనంపాడు. జవాబుగా తనూ ఒక్కటి కొడదామని ఎడమచెయ్యి బయటికి తీసి డాష్‌బోర్డు మీద కణుపులు ఆనించాడు. ఒకటి కొట్టింది చెయ్యి. ఇంక ఆగలేదు, టకటకటకటక కొడుతూనే ఉంది, కుడిచెయ్యి వచ్చి దాన్ని పట్టుకునేదాకా.

ఇవోన్ గేరు వేసింది.